జీన్ హ్యాక్‌మన్ మొహం తర్వాత, ముందు చేతులు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హీరో పోలికలు లేని, నలభై దాటేదాకా స్టార్ కాని హాలీవుడ్ నటుడు జీన్ హ్యాక్‌మన్ పేరు నటన నేర్చుకునే ప్రతివాళ్ళకీ ఎందుకు చెబుతారు, ఆయన సినిమాల్లో ముందు ఏవి చూడాలి, ముప్పై మూడేళ్ళొచ్చినా ఇంకా షార్ట్ ఫిల్ముల దగ్గరే ఉన్న మీకు ఆ జీవితంలో పనికొచ్చేదేమైనా ఉందా అని. నేను నాటకాలు వేస్తూ, హైదరాబాద్‌లో నటన పాఠాలు చెబుతూ బతికినవాణ్ణి. హ్యాక్‌మన్ సీన్లు క్లాసులో పెట్టి ఆపి ఆపి చూపించడం నాకు అలవాటు. కాబట్టి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను చెప్పేదంతా ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది, అది ముందే చెప్పేస్తాను. హ్యాక్‌మన్ కోపాన్నో బాధనో నేరుగా నటించడానికి పోడు. పాత్రకి ఏదో ఒక పని పెట్టుకుంటాడు, కాఫీ తాగడమో, తాళం తీయడమో, ఇంటి కప్పు వేసుకోవడమో, ఆ పని చేసే తీరులోంచి కోపమూ బాధా మనకి తెలిసిపోతాయి. కొత్తగా వచ్చేవాళ్ళు దీనికి సరిగ్గా ఉల్టా చేస్తారు. 'ఈ సీన్‌లో నాకు బాధ' అని నోట్‌బుక్కులో రాసుకుని, ఆ బాధని మొహం మీదికి తెచ్చుకోవడానికి నానా తంటాలు పడతారు, చేతులు మాత్రం ఏం చెయ్యాలో తెలీక పక్కన వేలాడుతుంటాయి. ప్రేక్షకుడు ముందు చూసేది ఆ వేలాడే చేతుల్నే.

ఇక జీవితం. 1930 జనవరి 30న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో పుట్టాడు. ఆర్థిక మాంద్యం రోజులు, కుటుంబం ఊళ్ళు మారి మారి చివరికి ఇల్లినాయ్ రాష్ట్రంలో డాన్‌విల్ అనే చిన్న ఊళ్ళో అమ్మమ్మగారి ఇంట్లో స్థిరపడింది. తండ్రి అక్కడి స్థానిక పత్రికలో ప్రింటింగ్ ప్రెస్ నడిపేవాడు. పిల్లవాడికి పదమూడేళ్ళప్పుడు ఒకరోజు వీధిలో ఆడుకుంటుంటే తండ్రి కారులో పక్కనుంచి వెళ్తూ చెయ్యి ఊపాడు. కారు ఆపలేదు. ఆ ఊపిన తీరులోనే నాన్న ఇక ఇంటికి రాడని కుర్రాడికి అర్థమైపోయింది, అలాగే జరిగింది కూడా. ఒక చిన్న చేష్టలో ఎంత అర్థం ఉంటుందో ఆ రోజే తెలిసిందని, అది జరక్కపోతే మనుషుల తీరుని అంత పట్టిపట్టి గమనించేవాణ్ణి కానేమోనని హ్యాక్‌మన్ తర్వాత చెప్పుకున్నాడు. 2001లో 'ఇన్‌సైడ్ ది యాక్టర్స్ స్టూడియో' అనే టీవీ కార్యక్రమంలో ఈ ప్రస్తావన వస్తే ఆయన గొంతు పూడుకుపోయింది, ఇన్ని దశాబ్దాలైనా ఇలా అవుతోందని అక్కడున్న విద్యార్థులకి క్షమాపణ చెప్పాడు. అప్పటికి ఆయనకి డెబ్బై ఒకటి. ఆ వీడియో దొరికితే తప్పకుండా చూడండి, ఆయన సినిమాలన్నిటికీ తాళంచెవి అందులో ఉంది.

తల్లి సంగతి కూడా చెప్పాలి. సినిమాల పిచ్చి ఆమె వల్లే వచ్చింది. జేమ్స్ కాగ్నీ, ఎరల్ ఫ్లిన్ సినిమాలు చూసి బయటికి వస్తూ హాలు అద్దంలో తన మొహం చూసుకుని, ఇదేంటి, నేను ఆ హీరోలా లేనేంటి అని అదిరిపడేవాణ్ణని చెప్పేవాడు, ఎందుకంటే లోపల కూర్చున్నంతసేపూ తనే ఆ హీరో. ఒకసారి హాల్లోంచి వస్తూ తల్లి, నువ్వు కూడా ఎప్పటికైనా ఇలా చేస్తే చూడాలని ఉందిరా అందట. కొడుకు పేరు తెచ్చుకోవడం చూడకుండానే, 1962లో అగ్నిప్రమాదంలో ఆమె చనిపోయింది.

పదహారేళ్ళకే వయసు ఎక్కువ చెప్పి అమెరికా మెరైన్ దళంలో చేరాడు. చైనాలో, జపాన్‌లో, హవాయిలో రేడియో పని చేశాడు, మోటార్ సైకిల్ ప్రమాదంలో కాళ్ళు దెబ్బతిన్నాయి, 1950ల మొదట్లో బయటికొచ్చాడు. కొన్నాళ్ళు యూనివర్సిటీలో జర్నలిజం, తర్వాత ఏవేవో ఉద్యోగాలు. నటన బడిలో, అంటే కాలిఫోర్నియాలోని పాసడీనా ప్లేహౌస్‌లో చేరేసరికి ఇరవై ఆరేళ్ళు నిండాయి, చుట్టూ ఉన్నవాళ్ళు చాలామంది అప్పుడే హైస్కూలు అయిపోయిన పిల్లలు. వాళ్ళలో ఒకడు డస్టిన్ హాఫ్‌మన్. ఆ బ్యాచ్‌లో పైకొచ్చే అవకాశం అందరికంటే తక్కువ ఎవరికి అని తోటివాళ్ళు లెక్కగడితే ఈ ఇద్దరి పేర్లే వచ్చాయి.

ఆ తర్వాత న్యూయార్క్. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకి అసలు జవాబు ఈ ఏళ్ళలోనే ఉంది. హ్యాక్‌మన్ చెప్పులు అమ్మాడు, ఫర్నిచర్ మోశాడు, ఫ్రిజ్‌లు వీపు మీద పెట్టుకుని మెట్లెక్కాడు, హోవర్డ్ జాన్సన్స్ రెస్టారెంట్ ముందు యూనిఫాం వేసుకుని తలుపు తీసే పని చేశాడు. ఒకరోజు ఆ తలుపు దగ్గర మెరైన్ దళంలో తనకి పైఅధికారిగా చేసినాయన ఎదురుపడి, చూసి, ఎందుకూ కొరగాని వెధవ్వి అనే అర్థం వచ్చే మాట ఒకటి విసిరి నడుచుకుంటూ పోయాడు. హాఫ్‌మన్ న్యూయార్క్ వచ్చినప్పుడు హ్యాక్‌మన్ దంపతుల చిన్న అపార్ట్‌మెంట్‌లో వంటగది నేల మీద పడుకునేవాడు, కొన్ని రాత్రులని చెప్పి వచ్చినవాడు వారాలపాటు కదలకపోతే చివరికి ఇంకో మిత్రుడి దగ్గరికి పంపించారు. ఆ మిత్రుడు రాబర్ట్ డువాల్. ముగ్గురికీ పని లేదు, ముగ్గురూ తర్వాత ఆస్కార్ తీసుకున్నారు.

ఆ రోజుల కథే ఇంకోటి నాకు చాలా ఇష్టం. హాఫ్‌మన్ ఒకసారి హ్యాక్‌మన్‌ని అప్పు అడిగాడు. సరేనని హ్యాక్‌మన్ అతని గదికి వెళ్తే వంటగది కిటికీ దగ్గర వరసగా గాజు సీసాలున్నాయి, మన ఇళ్ళలో అమ్మలు పోపుల డబ్బాలో డబ్బు దాచినట్టు ఒక్కో దాంట్లో కొంత డబ్బు, ఒకదాని మీద అద్దె అని, ఇంకోదాని మీద ఇంకేదో ఖర్చని చీటీలు. ఇంత డబ్బు పెట్టుకుని అప్పెందుకు అడుగుతున్నావని హ్యాక్‌మన్ అంటే, హాఫ్‌మన్ తిండి అని రాసిన సీసా చూపించాడు, అది ఖాళీ. మిగతావాటిలోంచి తీయకూడదనేది వాళ్ళ క్రమశిక్షణ. పనిలేని ఏళ్ళు అలా గడిచాయి.

అంతకాలం ఆయన అవకాశం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. జార్జ్ మారిసన్ అనే గురువు దగ్గర, పాత్ర భావాల్ని నటుడు తన సొంత అనుభవాల్లోంచి తెచ్చుకునే 'మెథడ్' పద్ధతిలో నేర్చుకున్నాడు, బ్రాడ్‌వే అనే న్యూయార్క్ పెద్ద నాటకశాలల వీధికి బయట చిన్న నాటకాల్లో చేశాడు, టీవీ సీరియళ్ళలో ఒక్క ఎపిసోడ్ వేషాలు వేశాడు. 1964లో 'ఎనీ వెన్స్‌డే' అనే హాస్యనాటకంలో బ్రాడ్‌వేలో మంచి పేరొచ్చింది. అంటే ముప్పై నాలుగేళ్ళు, మీకంటే ఒక్క ఏడాది ఎక్కువ. అదే ఏడాది 'లిలిత్' సినిమాలో హీరో వారెన్ బీటీ ఎదురుగా ఒకే ఒక్క సీన్ చేశాడు. బీటీ ఆ సీన్ మర్చిపోలేదు, తను నిర్మాతగా 'బానీ అండ్ క్లైడ్' తీసినప్పుడు అందులో క్లైడ్‌కి అన్న అయిన బక్ బారో పాత్రకి పిలిచాడు. చిన్న వేషమే కదా అని చుట్టేయకుండా చేసిన ఒక్క సీన్ మూడేళ్ళ తర్వాత తలుపు తట్టింది. ఈ మధ్యలో ఒక దెబ్బ కూడా ఉంది. 1967లో 'ది గ్రాడ్యుయేట్'లో మిస్టర్ రాబిన్‌సన్ పాత్రకి తీసుకుని, రిహార్సల్స్ నడుస్తుండగా వయసు చాలదని తీసేశారు. ఆ సినిమా హీరో ఎవరనుకున్నారు, వంటగదిలో పడుకున్న ఆ హాఫ్‌మనే. అదే ఏడాది ఆగస్టులో 'బానీ అండ్ క్లైడ్' విడుదలై హ్యాక్‌మన్‌కి సహాయనటుడిగా మొదటి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది.

ఇందులో కాలం కలిసిరావడం కూడా ఉందని ఒప్పుకోవాలి, దాన్ని దాచి మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. 1960ల చివరికి హాలీవుడ్ పాత స్టూడియో పద్ధతి కూలిపోతోంది, కుర్ర ప్రేక్షకులు పాత తరహా అందగాళ్ళ సినిమాలకి రావడం తగ్గించారు, కొత్త దర్శకులు స్టూడియో సెట్లు వదిలేసి నిజమైన వీధుల్లో తీస్తున్నారు. నిజమైన వీధిలో నిలబెట్టాలంటే ఆ వీధిలో ఉండే మనిషిలా కనిపించేవాడు కావాలి. హ్యాక్‌మన్, హాఫ్‌మన్, డువాల్, పచీనో అందరూ ఆ తలుపులోంచే వచ్చారు. ఇరవై ఏళ్ళ ముందు పుట్టి ఉంటే హ్యాక్‌మన్ జీవితాంతం హీరో పక్కన వేషాలు వేసేవాడేమో. కానీ తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి వెళ్ళడానికి పదేళ్ళ సాధన చేతిలో ఉంది చూడండి, ఆ భాగం మాత్రం ఆయన సొంతం.

1971లో 'ది ఫ్రెంచ్ కనెక్షన్'. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ మొదట వేరేవాళ్ళ కోసం ప్రయత్నించి ఎవరూ కుదరక హ్యాక్‌మన్ దగ్గరికొచ్చాడు. న్యూయార్క్ పోలీసు డిటెక్టివ్ ఎడీ ఈగన్ ఆధారంగా రాసిన పాత్ర, పేరు పొపాయ్ డాయిల్, నోటి దురుసు, జాత్యహంకారం, మొండితనం కలిసిన మనిషి. హ్యాక్‌మన్ ఈగన్‌తో కలిసి గస్తీకి తిరిగాడు, ఆ మనిషి అస్సలు నచ్చలేదు, ఆ బూతు మాటలు నోట్లోంచి రాలేదు, ఒకణ్ణి కొట్టే సీన్ టేకుల మీద టేకులు తిన్నది, ఇక నా వల్ల కాదు, వేరేవాణ్ణి చూసుకోమని చెప్పేదాకా వెళ్ళాడు. ఫ్రీడ్‌కిన్ ఒప్పుకోలేదు, పైగా షూటింగ్ పొడుగునా రెచ్చగొట్టి ఆ కోపాన్నే వాడుకున్నాడు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడితో కలిపి అయిదు ఆస్కార్లు.

అందరూ బ్రూక్లిన్‌లో పైన రైలు, కింద కారు పరిగెత్తే సీన్ గురించే మాట్లాడతారు. అది గొప్పదే. నేను క్లాసులో చూపించేది మాత్రం అది కాదు, చలిలో కాపలా కాసే సీన్. రెస్టారెంట్ లోపల మాదకద్రవ్యాల వ్యాపారి దర్జాగా కూర్చుని ఒక్కో వంటకం రుచి చూస్తూ భోంచేస్తుంటాడు. రోడ్డుకి అవతల పొపాయ్ చలికి కాళ్ళు ఆడిస్తూ ఓ పీజ్జా ముక్క, పేపర్ కప్పులో కాఫీ పట్టుకుని నిలబడతాడు. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మిగతాది రోడ్డు మీద పారబోస్తాడు. డైలాగు లేదు. ఆ పారబోయడంలో ఆ మనిషి జీతం, అసూయ, పంతం మొత్తం ఉన్నాయి. వాణ్ణి ఎందుకు వదిలిపెట్టడో ఇక ఎవరూ మనకి చెప్పక్కర్లేదు. అక్కడే ఓ పళ్ళు కొరకడమో, కళ్ళెర్ర చేయడమో చేసుంటే సీన్ చచ్చిపోయేది.

తర్వాత 1973లో 'స్కేర్‌క్రో'. అల్ పచీనోతో. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా ఉత్సవంలో అత్యున్నత బహుమతి ఇంకో సినిమాతో పంచుకుంది కానీ అమెరికాలో ఎవరూ పెద్దగా చూడలేదు, హ్యాక్‌మన్‌కి తను చేసినవాటిలో ఇష్టమైన పాత్ర ఇదే. జైలు నుంచి వచ్చిన మాక్స్ అనేవాడు పిట్స్‌బర్గ్ వెళ్ళి కార్లు కడిగే వ్యాపారం పెట్టాలని దేశం మీద లిఫ్టులు అడుక్కుంటూ పోతుంటాడు. ఎప్పుడూ చలే, చొక్కా మీద చొక్కా, దాని మీద ఇంకోటి. అతను బట్టలు వేసుకునే తీరు చూస్తేనే ఎవర్నీ దగ్గరికి రానివ్వడని తెలిసిపోతుంది. ఒక బార్‌లో కొట్లాట మొదలవబోతుంటే ఈ మనిషే ఆగి, స్నేహితుడి కోసం, డాన్స్ చేస్తూ ఆ చొక్కాలు ఒక్కొక్కటీ విప్పి అందర్నీ నవ్విస్తాడు. పాత్ర మారిందని చెప్పడానికి పెద్ద ప్రసంగం రాసేవాళ్ళు చాలామంది ఉంటారు, ఇక్కడ గుండీలు విప్పడం సరిపోయింది. చివర్లో టికెట్ కౌంటర్ దగ్గర డబ్బు చాలక బూటు విప్పి మడమలో దాచిన నోటు బయటికి లాగుతాడు, కొనేది పోనూ రానూ టికెట్. తిరిగి వస్తాడన్నమాట. తర్వాత ఆ మడమని మళ్ళీ బిగించడానికి బూటుని కౌంటర్ మీద టపటపా కొడతాడు. ఆ సీన్ శబ్దం ఆపేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి.

'ది కాన్వర్జేషన్' (1974) గురించి రాయాలంటే ఇంకో జవాబు కావాలి. దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా. హారీ కాల్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఇతరుల మాటలు దొంగచాటుగా రికార్డు చేసే నిపుణుడు. ఊరందరి రహస్యాలూ వింటాడు కానీ తన ఇంటి తలుపుకి మూడు తాళాలు. పుట్టినరోజున ఇంటావిడ ఏదో బహుమతి లోపల పెట్టి వెళ్తే, సంతోషించడం మాని, తాళాలుండగా లోపలికెలా వచ్చావని ఫోన్ చేసి ఆరా తీస్తాడు. హ్యాక్‌మన్ అప్పటికి పొపాయ్ డాయిల్‌గా ప్రపంచమంతా తెలుసు, గట్టిగా అరిచే మనిషి. ఇక్కడ అదంతా తీసేసి, పల్చటి వానకోటు, కళ్ళజోడు, మీసం, నలుగురిలో ఉంటే ఎవరికీ కనబడని వాడిలా తయారయ్యాడు. పాత్ర కోసం శాక్సఫోన్ వాయించడం నేర్చుకున్నాడు. చివర్లో తన ఇంట్లోనే ఎవరో మైకు పెట్టారని తెలిసి ఇల్లంతా వెతుకుతాడు. ముందు నెమ్మదిగా, నిపుణుడి పద్ధతిలో, ఒక్కో వస్తువూ తీసి చూసి పక్కన పెడతాడు. హారీ భక్తుడు, మేరీమాత బొమ్మ దగ్గరికొచ్చి తటపటాయిస్తాడు. చివరికి దాన్నీ పగలగొడతాడు, అందులోనూ ఏమీ ఉండదు. తర్వాత గోడలు చీల్చడం, నేల చెక్కలు పీకడం. ఒక మనిషి మతి తప్పడాన్ని ఏడుపు లేకుండా, కేవలం ఓ పనిమంతుడి పనిలా చూపించడం నేను ఇంకెక్కడా ఇంత బాగా చూడలేదు. ఆ ఏడాది కాన్‌లో పెద్ద బహుమతి ఈ సినిమాకే. పాత మిత్రుడు డువాల్ కూడా ఇందులో ఓ చిన్న పాత్రలో, పేరు వేసుకోకుండా కనిపిస్తాడు.

1970ల రెండో భాగం గురించి పెద్దగా చెప్పను. డబ్బు కోసం కొన్ని ఒప్పుకున్నానని ఆయనే అన్నాడు, అది చూస్తే తెలుస్తుంది. 1978లో 'సూపర్‌మ్యాన్' విలన్ లెక్స్ లూథర్‌గా పిల్లలకి కూడా తెలిశాడు. మీసం తీయనని మొండికేస్తే దర్శకుడు రిచర్డ్ డానర్ నువ్వు తీస్తే నేనూ తీస్తానన్నాడు, ఇతను గీయించుకోగానే డానర్ తన మీసం చేత్తో పీకేశాడు, అది పెట్టుడు మీసం. తర్వాత హ్యాక్‌మన్ అలిసిపోయి కొన్నాళ్ళు సినిమాలు మానేశాడు.

తిరిగొచ్చాక చేసినవాటిలో 1986 నాటి 'హూజియర్స్' మీలాంటివాళ్ళకి చాలా పనికొస్తుంది. ఇండియానాలో చిన్న పల్లెటూరి హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్. కుర్రాళ్ళు రాష్ట్రస్థాయి ఫైనల్ కోసం ఇండియానాపొలిస్‌లో అంత పెద్ద స్టేడియంలోకి అడుగుపెట్టి నోరెళ్ళబెడతారు. ఇంకో సినిమాలో అయితే అక్కడ వీరావేశపు ప్రసంగం పడేది. హ్యాక్‌మన్ కోచ్ జేబులోంచి టేపు తీసి వాళ్ళ చేతే కొలిపిస్తాడు. ఫ్రీ త్రో గీత పదిహేను అడుగులు, రింగు ఎత్తు పది అడుగులు, మన ఊళ్ళో ఉన్నంతే అంటాడు. పిల్లల టెన్షన్ దిగిపోతుంది. గొంతు పెంచడు, నవ్వించడానికి చూడడు, టేపు పని టేపుని చేయనిస్తాడు.

1988లో 'మిసిసిపి బర్నింగ్'. 1964లో మిసిసిపిలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల్ని చంపిన నిజ సంఘటన ఆధారం. నల్లజాతి వాళ్ళ పోరాటాన్ని పక్కన పెట్టి, దర్యాప్తుకి వచ్చిన ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) వాళ్ళని హీరోల్ని చేశారనే విమర్శ అప్పుడూ వచ్చింది, నా మటుకు ఆ విమర్శ సరైనదే. ఆ ఎఫ్‌బీఐ వాళ్ళలో ఒకడిగా హ్యాక్‌మన్ నటన మాత్రం చూసి తీరాలి. భార్యని కొట్టిన డిప్యూటీ, అంటే స్థానిక పోలీసు అధికారి, మంగలి షాపులో కళ్ళు మూసుకుని గడ్డం గీయించుకుంటుంటే, మంగలిని తప్పించి హ్యాక్‌మన్ పాత్ర కత్తి చేతిలోకి తీసుకుంటుంది. మాట మెత్తగా ఉంటుంది, చెయ్యి గడ్డం గీస్తుంటుంది, చూస్తున్న మన ఊపిరి ఆగిపోతుంది. ఇదే సినిమాలో ఇంకో చోట, పక్కింటి నల్లజాతి రైతు కంచరగాడిద కొనుక్కుంటే ఓర్వలేక తన తండ్రే దానికి విషం పెట్టిన కథ చెబుతాడు, తన పేదరికమే తనని చంపుతోందని తెలీనంత ద్వేషంతో బతికిన ముసలివాడని. తండ్రి గురించి మాట్లాడేటప్పుడు ఆ గొంతులో ఎక్కడా జాలి అడుక్కోవడం ఉండదు. ఆ ఏడాది ఉత్తమ నటుడి ఆస్కార్‌కి నామినేట్ అయ్యాడు, గెలిచింది 'రెయిన్ మ్యాన్'కి హాఫ్‌మన్.

ఇక 1992లో 'అన్‌ఫర్గివెన్'. హింస ఎక్కువగా ఉన్న పాత్రలు వద్దని కూతుళ్ళు అనేవాళ్ళు, ఆయనకీ మనసు విరిగింది, దర్శకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ అడిగితే మొదట కాదన్నాడు. హింసని పొగిడే సినిమా కాదని ఈస్ట్‌వుడ్ నచ్చజెప్పి ఒప్పించాడు. షెరిఫ్ లిటిల్ బిల్ ఊళ్ళో తుపాకులు ఉండకూడదంటాడు, మాట వినని వాళ్ళని నడివీధిలో చావగొడతాడు. అదే మనిషి తీరిక దొరికితే సొంతంగా ఇల్లు కట్టుకుంటుంటాడు. వడ్రంగం రాదు, ఒక్క కోణం తిన్నగా రాదు, వాన పడితే కప్పు కారుతుంది, గిన్నెలు పెట్టుకుని కథలు చెబుతుంటాడు, వంక పెడితే మొహం మాడిపోతుంది. విలన్ వేషం వస్తే మనవాళ్ళు మొదట గొంతు మారుస్తారు, కనుబొమ్మ ఎగరేస్తారు. హ్యాక్‌మన్ ఇల్లు కట్టుకునే మనిషిని చేశాడు. తను చెడ్డవాణ్ణని లిటిల్ బిల్‌కి ఒక్క క్షణం కూడా అనిపించదు, చచ్చేముందు కూడా ఇల్లు కట్టుకుంటున్నానే, ఇలా చావడం న్యాయమా అనే వాపోతాడు. రెండో ఆస్కార్ దీనికే, సహాయనటుడిగా.

ఆ తర్వాత పదేళ్ళూ చేతినిండా పనే. 'క్రిమ్సన్ టైడ్'లో డెంజెల్ వాషింగ్టన్ ఎదురుగా జలాంతర్గామి కెప్టెన్, 'ది బర్డ్‌కేజ్'లో సంప్రదాయవాది సెనేటర్, 'ఎనిమీ ఆఫ్ ది స్టేట్'లో హారీ కాల్‌కి అన్నదమ్ముడిలాంటి పాత్ర. 2001లో 'ది రాయల్ టెనెన్‌బామ్స్'లో, పిల్లల్ని వదిలేసి వెళ్ళి ముసలితనంలో తిరిగొచ్చిన తండ్రి. దర్శకుడు వెస్ ఆండర్సన్ ఆయన కోసమే రాసి వెంటబడి ఒప్పించాడు. పదమూడేళ్ళప్పుడు తండ్రి వదిలేసి వెళ్ళిన మనిషి డెబ్బై ఒకటో ఏట ఆ వదిలేసిన తండ్రినే ఆడాడు, క్షమించమని దేబిరించకుండా ఆడాడు. గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. సెట్‌లో కుర్ర దర్శకుడి మీద చాలా విసుక్కున్నాడని కూడా అందరూ చెబుతారు, అందులోనే నటించిన బిల్ మర్రీ తనకి సెలవున్న రోజు కూడా సెట్‌కి వచ్చి దర్శకుడికి తోడుగా నిలబడ్డాడట. ఆ కోపాన్ని నేర్చుకోకండి. గొప్ప నటుడి చిరాకుని నటనలో భాగమనుకుని అనుకరించే కుర్రాళ్ళని చాలామందిని చూశాను, దర్శకులు రెండోసారి పిలవరు.

2003లో 'రనవే జ్యూరీ'లో మొదటిసారిగా హాఫ్‌మన్, హ్యాక్‌మన్ ఒకే సీన్‌లో తలపడ్డారు, అంతకాలం స్నేహం ఉండి ఒక్క సీన్ కూడా కలిసి చేయలేదు మరి. కథలో మొదట ఆ సీనే లేదు, వీళ్ళిద్దర్నీ పెట్టుకుని ఎదురెదురుగా నిలబెట్టకపోవడం ఏంటని తర్వాత కలిపారు. 2004లో ఆఖరి సినిమా. గుండె ఒత్తిడి తట్టుకునే స్థితిలో లేదని డాక్టర్ చెప్పడంతో ఆగిపోయాడు. వీడ్కోలు సభలు పెట్టించుకోలేదు, తిరిగి రమ్మని ఎవరు పిలిచినా రాలేదు. న్యూమెక్సికోలోని శాంటా ఫేలో బొమ్మలు వేసుకుంటూ, నవలలు రాసుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపాడు. 2025 ఫిబ్రవరి 26న ఆయన, భార్య బెట్సీ అరకావా ఇంట్లో చనిపోయి కనిపించారు. ఎలుకల వల్ల వచ్చే హంటావైరస్‌తో ముందు ఆమె పోయింది, అల్జైమర్స్ ముదిరిన ఆయన సుమారు వారం తర్వాత గుండెజబ్బుతో పోయాడు, తొంభై అయిదేళ్ళు. ఆ వార్తల మీద యూట్యూబ్‌లో పుంఖానుపుంఖాలుగా వీడియోలున్నాయి, వాటి జోలికి వెళ్ళకండి, ఆ టైములో ఓ సినిమా చూడండి.

ముప్పై మూడు ఆలస్యమా అనే ప్రశ్నకి వద్దాం. హ్యాక్‌మన్‌కి నలభైలో వచ్చింది కాబట్టి మీకూ వస్తుందని నేను చెప్పలేను, అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆయన తలుపులు తీసిన ఏళ్ళలో కూడా ఎక్కడో ఓ చోట నటిస్తూ ఉన్నాడు. మీరు షార్ట్ ఫిల్ముల మధ్య నెలలు నెలలు ఖాళీగా ఉంటున్నానని రాశారు, అది నన్ను మీ వయసు కంటే ఎక్కువ కలవరపెట్టింది. రవీంద్రభారతి చుట్టుపక్కల నాటకాలు వేసే బృందాల్లో ఏదో ఒకదాంట్లో చేరండి, ఒక్క డైలాగున్న వేషమైనా సరే. మీరు చేసే ఉద్యోగాన్ని కూడా చూస్తూ ఉండండి, బరువు మోసేవాడు గుమ్మం దగ్గర ఎలా ఆగుతాడో, షాపువాడు చిల్లర ఇచ్చేటప్పుడు ఎటు చూస్తాడో. హ్యాక్‌మన్ పాత్రలన్నీ పని చేసి బతికే మనుషుల్లా ఉంటాయంటే, ఆయన అన్ని పనులూ చేశాడు కాబట్టే.

చూసే వరస నేనైతే ఇలా చెబుతాను. ముందు 'ది ఫ్రెంచ్ కనెక్షన్', వెంటనే 'ది కాన్వర్జేషన్', ఈ రెండూ ఒకే వారంలో చూడాలి, ఒకే శరీరంలోంచి ఇద్దరు మనుషులు ఎలా వచ్చారో అప్పుడే తెలుస్తుంది. తర్వాత 'అన్‌ఫర్గివెన్', 'స్కేర్‌క్రో', 'హూజియర్స్'. మధ్యలో అలసట అనిపిస్తే 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో ఆయన చేసిన గుడ్డి సన్యాసి సీన్ పెట్టుకోండి, అయిదు నిమిషాలు కూడా ఉండదు, పేరు కూడా వేసుకోలేదు, రాక్షసుడికి ఆప్యాయంగా సూప్ వడ్డిస్తూ వేడి వేడిగా ఒళ్ళో పోసేస్తాడు. ప్రతి సినిమాలో ఒక సీన్ ఎంచుకుని, శబ్దం ఆపేసి, చేతులు మాత్రమే చూసి, అందులో ఆయన ఏ పని పెట్టుకున్నాడో ఒక వాక్యంలో రాసుకోండి. తర్వాత మీ షార్ట్ ఫిల్ముల్లో ఒకటి కూడా అలాగే శబ్దం లేకుండా చూసి, ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, దాని మీద మాట్లాడుకుందాం.